భట్టిప్రోలు దిబ్బ మీద మూడు కిలోల జిలేబి

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలుకి ఎప్పుడూ తొందర ఉండదు. జంపని, వేమూరు, పెనుమర్రు... దారిలో ఉన్న ఊళ్లన్నిటినీ చుట్టాల్ని పలకరించినట్టు పలకరించుకుంటూ పోతుంది. సంక్రాంతి రోజుల్లో కిటికీ పక్కన సీటు దొరికితే అదృష్టమే. వరి కోసేసిన మడుల్లో మినుము చేలు నేలకంటుకుని పచ్చగా కనిపిస్తాయి. అక్కడక్కడా అరటి తోటలు, కాలువ గట్లు, గట్ల మీద సైకిళ్లు. భట్టిప్రోలులో దిగేవాళ్లలో చాలామంది పండక్కి ఇంటికొచ్చే వాళ్లే. స్తూపం చూడ్డానికి వచ్చేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లని మెడలో వేలాడే కెమెరాని బట్టి గుర్తుపట్టొచ్చు.

ఈ ఏడాది (2026) సంక్రాంతికి నేను అక్కడ దిగింది ఆ రెండు పనుల మీదా కాదు. నా చేతిలో కిలో బెల్లం జిలేబి ఉంది. తెనాలిలో వేడివేడిగా కట్టించుకుని, నూనె మరక చొక్కాకి అంటకుండా జాగ్రత్తగా పట్టుకొచ్చాను. మద్రాసు నుంచి మా బావ మరో రెండు కిలోలు తేవాలి. ఇదంతా కబడ్డీ బాకీ.

ఎలాగో చెప్పాలంటే మా బాబాయితో మొదలుపెట్టాలి.

చెడుగుడు, సడుగుడు

మా బాబాయి కాలంలో కబడ్డీ అనేవాళ్లు తక్కువ. చెడుగుడే. మట్టిలో సున్నంతో గీతలు గీసి, నీళ్లు చల్లి, లుంగీ ఎగ్గట్టి దిగేవాళ్లు. కూత తప్పితే ఔటు. అందుకే ఊపిరి ఎంతసేపు బిగబట్టగలడన్నదే ఆటగాడి గొప్ప. బాబాయి కూత మొదలుపెడితే కాలువ అవతలి గట్టు దాకా వినపడేదని మా నానమ్మ చెప్పేది. కొంత అతిశయోక్తి ఉండొచ్చు. కన్నకొడుకు కదా! బడి జట్టు దాటి ఆయన ఆట పైకి పోలేదు. పొలం, పెళ్లి, పిల్లలు... అందరి కథే.

మా మేనత్తని మద్రాసు పెరంబూరులో ఉండే రైల్వే ఉద్యోగికిచ్చారు. ఆవిడ కొడుకే మా బావ. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆయన మాట్లాడే తెలుగులో వాక్యం చివర ఓ చిన్న సాగతీత ఉంటుంది. వేసవి సెలవులకు ఇక్కడికొచ్చినప్పుడు మా ఆటని ‘సడుగుడు’ అనేవాడు. మేం నవ్వేవాళ్లం. ‘మీరే తప్పు పలుకుతున్నారు’ అని ఆయన ఎదురు నవ్వేవాడు. ఒకే ఆట, ఒకే కూత, ఒక్క అక్షరం తేడా. ఆ ఒక్క అక్షరం మీద ఎన్ని మధ్యాహ్నాలు పోట్లాడుకున్నామో!

2014లో ప్రో కబడ్డీ లీగ్ వచ్చింది. మట్టి పోయి మ్యాట్ వచ్చింది. రైడ్‌కి ముప్ఫై సెకన్ల గడియారం వచ్చింది. నిక్కర్లు మెరిశాయి, లైట్లు వెలిగాయి. బాబాయి మొదట ముఖం చిట్లించాడు గానీ రెండోరోజుకే టీవీ ముందు కుర్చీ వేసుకున్నాడు. మనకి తెలుగు టైటాన్స్ ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ నుంచి వచ్చిన రాహుల్ చౌదరి దానికి ప్రాణం. 2015లో మూడో స్థానం, 2016లో మరోసారి సెమీఫైనల్. ‘ఇంకొక్క అడుగే’ అనేవాడు బాబాయి. ఆ ఒక్క అడుగూ ఎంత పొడవో అప్పటికి మాకెవరికీ తెలీదు.

2017లో తమిళ తలైవాస్ అని కొత్త జట్టు దిగింది. జట్టు యజమానుల్లో సచిన్ టెండూల్కర్ కూడా ఒకరు. బావకి ఓ సొంత జట్టు దొరికింది. ఆ జట్టు మొట్టమొదటి మ్యాచ్ హైదరాబాద్ గచ్చిబౌలిలో, అదీ మన టైటాన్స్‌తోనే. 32-27తో మనం గెలిచాం. ఆ రాత్రే బావ ఫోన్ చేశాడు. పందెం కాద్దామన్నాడు. సీజన్ అయ్యాక పట్టికలో ఎవరి జట్టు కింద ఉంటే వాళ్లు కిలో తెనాలి బెల్లం జిలేబి కొనిపెట్టాలి. బాబాయి సరేనన్నాడు.

కింద నుంచి ఫస్టు

ఇక చూడండి మా వైభవం. 2017లో, 2018లో జట్లని రెండు జోన్లుగా విడగొట్టారు. మన రెండు జట్లూ ‘బి’ జోన్‌లోనే. జోన్‌లో ఆరు జట్లు. రెండేళ్లూ టైటాన్స్‌ది అయిదో స్థానం, తలైవాస్‌ది ఆరో స్థానం. రెండుసార్లూ జిలేబి మాదే. బాబాయి తింటూ ‘వాళ్లకన్నా నయం’ అనేవాడు. బావ ‘మీరు అయిదు అయితే మేము ఆరు. దీనికి కూడా జిలేబినా?’ అని నిట్టూర్చేవాడు.

అసలు నాటకం 2019లో. వేలంలో రాహుల్ చౌదరి మన చేయి జారి తలైవాస్‌కి పోయాడు. 94 లక్షలు పెట్టారు వాళ్లు. అజయ్ ఠాకూర్, మంజీత్ ఛిల్లర్ అప్పటికే అక్కడున్నారు. మనవాళ్లు సిద్ధార్థ్ దేశాయ్ మీద కోటీ నలభై అయిదు లక్షలు కుమ్మరించారు. జూలైలో హైదరాబాద్‌లో ఎదురెదురు పడ్డారు. గచ్చిబౌలి జనం తమ పాత హీరో కోసం కేకలు పెడుతుంటే, ఆ హీరోనే వచ్చి మనల్ని 39-26తో ఓడించాడు. ఆ రోజు బాబాయి అన్నం సగంలో లేచిపోయాడు. బావ ఆ రాత్రి మూడుసార్లు ఫోన్ చేశాడు. మేం ఎత్తలేదు.

తర్వాతేమైంది? ముగ్గురు పెద్ద పేర్లున్న తలైవాస్ ఆ సీజన్లో పన్నెండు జట్లలో పన్నెండోది. కోటిన్నర పెట్టిన మన జట్టు పదకొండోది! మూడేళ్లుగా ఒకరి కాలు ఒకరు పట్టుకుని బావిలోకి దిగినట్టే ఉంది వ్యవహారం. రాహుల్‌ని పోగొట్టుకుని మేం బాగుపడలేదు. తెచ్చుకుని వాళ్లూ బాగుపడలేదు. ఆ ఏడు బావ జిలేబి తెచ్చినప్పుడు బాబాయి ఒక్క ముక్క తుంచుకుని, ‘పదకొండోవాడు గెలిచినట్టేనా అల్లుడూ?’ అన్నాడు. తమాషాగానే అన్నాడు గానీ ఎవ్వరం నవ్వలేదు.

2020లో కరోనా. లీగ్ లేదు. 2021 డిసెంబరులో బెంగళూరులో, ప్రేక్షకులు లేని హాలులో మళ్లీ మొదలైంది. మన తొలి మ్యాచ్ తలైవాస్‌తోనే. 40-40, టై. ఇదేదో మంచి శకునమనుకున్నాం. ఆ సీజన్ మొత్తం మీద ఇరవై రెండు మ్యాచుల్లో టైటాన్స్ గెలిచింది ఒక్కటి. 2022లో రెండు. 2023-24లో రెండు. లెక్కేసుకోండి... మూడు సీజన్లు, 66 మ్యాచులు, అయిదు గెలుపులు. మూడుసార్లూ అట్టడుగు.

ఎందుకిలా అని నన్నడిగితే నాకు తోచేది ఒకటే. మనవాళ్లు ఎప్పుడూ ఒక్క రైడర్ని నమ్ముకున్నారు. మొదట రాహుల్, తర్వాత సిద్ధార్థ్, 2023లో రెండు కోట్ల అరవై లక్షలకు పైగా పోసి తెచ్చిన పవన్ సెహ్రావత్. లీగ్ చరిత్రలో అప్పటికి అదే రికార్డు ధర. కబడ్డీలో ఒకడు పాయింట్లు తెస్తాడు, ఏడుగురు కాపాడాలి. కార్నర్లు గట్టిగా లేకపోతే రైడర్ తెచ్చింది తెచ్చినట్టే పోతుంది. జల్లెడలో నీళ్లు పోసినట్టు. పవన్ ముందటి ఏడాది తలైవాస్‌లోనే ఉన్నాడు. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. చిత్రమేమంటే తలైవాస్ మొదటిసారి సెమీఫైనల్‌కి వెళ్లింది ఆ ఏడాదే! పెద్ద హీరో లేడు కాబట్టి నరేందర్ లాంటి కుర్రాళ్లు బాధ్యత ఎత్తుకున్నారు. ఈ మాట బావతో ఒప్పుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఇంకో మాట. తెలుగు టైటాన్స్ పేరులో తెలుగు ఉంది గానీ ఇన్నేళ్లుగా పెద్దపెద్ద ఆటగాళ్లలో చాలామంది హర్యానా, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రల నుంచి వచ్చినవాళ్లే. తలైవాస్ సంగతీ దాదాపు అంతే. అలాంటప్పుడు ఈ తెలుగు-తమిళ పట్టుదల ఎవరిది అంటే... మాది. టీవీ ముందు కూర్చున్న వాళ్లది.

ఆ రాత్రి

2023 చివర్లో బాబాయికి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది, మాట కొంచెం ముద్దగా వచ్చేది. షుగరు కూడా ఉంది. డాక్టర్లు తీపి మానమన్నారు, నిద్ర బాగా పోవాలన్నారు, ఆవేశపడొద్దన్నారు. ఆ చలికాలం నేను సెలవు పెట్టి కొన్నాళ్లు ఆయన దగ్గరున్నాను. రాత్రి ఎనిమిదింటికి మంచం టీవీ వైపు తిప్పమనేవాడు. టైటాన్స్ ఓడుతుంటే కుడి చేత్తో దుప్పటి నలిపేవాడు. ‘కాలు పట్టుకోరా... నడుం కాదు, కాలు!’ అని కేకలేసేవాడు. అన్ని పదాలూ సరిగా పలకలేకపోయినా ఆ వాక్యం మాత్రం స్పష్టంగా వచ్చేది.

ఓ రాత్రి రెండో మ్యాచ్ మనది. అప్పటికే తొమ్మిది దాటింది. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాకూ విసుగ్గా ఉంది. పగలంతా ఆసుపత్రి తిరుగుడు. ‘ఇక పడుకో బాబాయ్, ఎలాగూ ఓడేదేగా’ అని టీవీ కట్టేశాను. ఆయనేం అనలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి పేపర్లో చూస్తే టైటాన్స్ గెలిచింది. ఆ సీజన్లో గెలిచిన రెండు మ్యాచుల్లో అదొకటి.

నేనే చదివి వినిపించాను. వినిపించకపోతే ఆయనే అడుగుతాడు కదా. ‘ఎన్ని పాయింట్లతో?’ అన్నాడు. చెప్పాను. ‘బాగానే ఆడుంటారు’ అన్నాడు. అంతే. తిట్టుంటే బాగుండేది.

సీజన్ అయిపోయాక బావ ఫోన్ చేసి పరామర్శించాడు. పందెం ఊసెత్తలేదు. బాబాయే ఎత్తాడు. ‘మళ్లీ మేమే కింద. జిలేబి బాకీ ఉన్నాం అల్లుడూ. లేచి తిరగ్గలిగాక తెనాలి వెళ్లి నేనే కొనిపెడతా’ అన్నాడు. ఆ వేసవిలో ఆయన పోయాడు.

ఆ ఏడాది అక్టోబరులో కొత్త సీజన్ మొదలైంది. టైటాన్స్ పన్నెండు మ్యాచులు గెలిచింది! ముందు మూడు సీజన్లూ కలిపి అయిదైతే, ఒక్క సీజన్లో పన్నెండు. ఏడో స్థానంలో నిలిచి ఒక్క మెట్టు దూరంలో ప్లేఆఫ్స్ తప్పిపోయాయి. తలైవాస్ తొమ్మిది. 2025లో విశాఖపట్నంలో సీజన్ మొదలైంది. తొలి మ్యాచ్ మళ్లీ తలైవాస్‌తోనే, 38-35తో వాళ్లే గెలిచారు. కానీ విజయ్ మాలిక్ నాయకత్వంలో మనవాళ్లు పుంజుకుని ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. ఫైనల్‌కి ఒక్క గెలుపు దూరంలో పుణెరి పల్టన్ చేతిలో ఓడిపోయారు. తలైవాస్ ప్లేఆఫ్స్‌కే రాలేదు. బాబాయి అనేవాడే, ఇంకొక్క అడుగని... అది ఇప్పటికీ అంతే పొడవుంది.

దిబ్బ మీద లెక్క

బావ బాకీ రెండు కిలోలు, 2024కి ఒకటి, 2025కి ఒకటి. బాబాయి బాకీ ఒక కిలో. ఒకటి తీసేసి కిలోతో సరిపెడదామని బావ ఫోన్లో అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అది బాబాయి బాకీ. వేరే లెక్కలో కలిపేది కాదు.

ఎక్కడ కలుద్దామంటే, స్తూపం దగ్గరకి రమ్మన్నాడు. దానికో కారణం ఉంది.

మీరు చూడకపోతే చెబుతాను. భట్టిప్రోలు స్తూపం చూడగానే అబ్బురపరిచే కట్టడమేమీ కాదు. విక్రమార్క కోట దిబ్బ అని ఊళ్లో పిలిచేవాళ్లు. వలయాలుగా పేర్చిన పెద్ద పెద్ద ఇటుకలు, మధ్యలో మిట్ట, చుట్టూ పురావస్తు శాఖ వేసిన కంచె. అమరావతిలాంటి శిల్పాల కోసం వెతికితే నిరాశే. పంతొమ్మిదో శతాబ్దంలో దీని ఇటుకలు రోడ్లకి, రాళ్లు కాలువ కట్టడాలకి తవ్వుకుపోయారు. అందుకే కాలువ పక్కన నడిచేటప్పుడు మా బాబాయి ఎప్పుడూ అనేవాడు, ‘ఈ గట్టులో బుద్ధుడి గుడి ఎంతుందో!’ అని.

1892లో అలెగ్జాండర్ రేయ్ అనే అధికారి మిగిలిన దిబ్బని తవ్వించాడు. లోపల రాతి పేటికలు, వాటిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, పూసలు, అస్థికలు దొరికాయి. పేటికల మీద ప్రాకృత భాషలో రాతలున్నాయి. జర్మన్ పండితుడు బ్యూలర్ వాటిని చదివి 1894లో ప్రకటించాడు. క్రీస్తు పూర్వం నాటివి. కుబీరకుడనే రాజు పేరుంది. అంతకన్నా నాకు నచ్చేది వేరే ఉంది. ఆ రాతల్లో ఎక్కువ భాగం ఒట్టి పేర్లే. ఓ గోష్ఠికి చెందిన సభ్యుల పేర్లు, ఓ నిగమానికి చెందిన వాళ్ల పేర్లు వరసగా చెక్కారు. అంటే మ్యాచ్ ముందు తెరమీద వేసే జట్టు జాబితా లాంటిదన్నమాట! వాళ్లేం సాధించారో ఎక్కడా లేదు. కలిసి ఈ పని చేశారు, అంతే.

ఆ అక్షరాల్లో ఓ విశేషముంది. అశోకుడి బ్రాహ్మిలో హల్లు రాస్తే అందులో ‘అ’ కలిసే ఉంటుంది. భట్టిప్రోలు అక్షరాల్లో అలా కాదు. ఒట్టి హల్లు ఒట్టి హల్లే. ‘అ’ కావాలంటే ప్రత్యేకంగా ఓ గీత పెట్టాలి. పాత తమిళ బ్రాహ్మి శాసనాల్లోనూ దాదాపు ఇలాంటి తంటాలే కనిపిస్తాయి. అందుకే తమిళ బ్రాహ్మిని అర్థం చేసుకోవడానికి భట్టిప్రోలు రాతలు తాళంచెవిలా పనికొచ్చాయంటారు. కొందరు పండితులు రోసెట్టా శిలతో పోల్చారు. మన తెలుగు లిపి పుట్టుక గురించి మాట్లాడేవాళ్లూ ఇక్కడినుంచే మొదలుపెడతారు. అంటే చెడుగుడు, సడుగుడు అని మేం తన్నుకున్న ఊరికి ఆనుకునే, ఆ రెండు రాతలకీ చుట్టరికం తెలిపే రాళ్లున్నాయి.

ఆ పేటికలిప్పుడు ఇక్కడ లేవు. అప్పట్లో ఇదంతా మద్రాసు రాజధాని కదా, దొరికిన వస్తువులు ఎగ్మూరు మ్యూజియానికి చేరాయి. అస్థికల్లో కొంత 1920లో కలకత్తాలో మహాబోధి సొసైటీ కట్టిన విహారానికి వెళ్లింది. ఓసారి మద్రాసు వెళ్లినప్పుడు బావ నన్నా మ్యూజియానికి తీసుకెళ్లాడు. ‘మా ఊరి సొత్తంతా మీ దగ్గరే పెట్టుకున్నారు’ అన్నాను. ‘రాహుల్‌ని కూడా మీరే పంపారుగా. ఏం చేసుకున్నాం? గాజు బీరువాలో పెట్టాం’ అన్నాడు. కాపలాదారు మావైపు అనుమానంగా చూసేంత గట్టిగా నవ్వుకున్నాం.

సరే, ఈ సంక్రాంతికొస్తే, సాయంత్రం నాలుగున్నరకి బావ ఆటోలో దిగాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. రెండు పొట్లాలు కుడి చేతిలో, నీలం రంగు తలైవాస్ టోపీ ఎడమ చేతిలో. పండక్కి అత్తవారింటికొచ్చిన అల్లుడిలా ఉన్నావంటే, ‘మా మామ లేని ఊళ్లో అల్లుడరికం ఏముందిరా బామ్మర్దీ’ అన్నాడు. కంచె బయట చింతచెట్టు నీడలో కూర్చున్నాం. నా పొట్లం విప్పి ముందు ఆయనకిచ్చాను. ‘ఇది బాబాయి బాకీ’ అన్నాను. ఓ ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

అప్పుడు చెప్పాను, టీవీ కట్టేసిన రాత్రి సంగతి. రెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా. బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘తెల్లారి నాకు ఫోన్ చేశాడు’ అన్నాడు.

‘ఎవరు?’

‘మామయ్యే. పక్కింటి కుర్రాడి ఫోన్లోంచి. మేం గెలిచాం అల్లుడూ అన్నాడు. మ్యాచ్ చూశారా మామయ్యా అంటే, ఆఁ, ఆఖరి దాకా చూశాననే చెప్పాడు. ఆ కార్నర్ కుర్రాడు కాలు ఎలా పట్టాడో కూడా చెప్పాడు.’

నేను దిబ్బ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన చూడలేదు. నాకు తెలుసు. టీవీ రిమోట్ నా తలగడ కిందే ఉంది ఆ రాత్రంతా.

చెట్టు అవతల ఖాళీ స్థలంలో పిల్లలు గీతలు గీస్తున్నారు. సున్నం లేదు, కర్రముక్కతోనే. ఏడుగురికి ఒకడు తక్కువయ్యాడు. కాసేపు గుసగుసలాడుకుని ఓ పదేళ్లవాడు మా దగ్గరికొచ్చాడు. బావ టోపీ వైపోసారి, జిలేబి పొట్లాల వైపోసారి చూశాడు.

‘తాతా, కాసేపు నిలబడతావా? పరిగెత్తక్కర్లేదు. కార్నర్లో ఉంటే చాలు’ అన్నాడు.

బావ టోపీ నా చేతికిచ్చి, ప్యాంటు మడతపెట్టుకుంటూ లేచాడు. ‘కాలు పట్టుకోవాలా, నడుమా?’ అని అడిగాడు ఆ పిల్లాడిని.